మహిళల కర్లింగ్ టోర్నమెంటుకు జట్టును సిద్ధం చేయడం ఎలా?

మంచు మీద గ్రానైటు రాళ్ళను లక్ష్యం వైపు జార్చే కర్లింగ్‌లో ఓడిన జట్టు చివరి ఎండ్‌లో (రెండు జట్లూ చెరో ఎనిమిది రాళ్ళు వేసే విడతలో) గురి తప్పిన రాయినే పదేపదే తలచుకుంటుంది. గట్టి పోటీలోకి తొలిసారి దిగిన జట్ల విషయంలో మాత్రం నష్టం చాలాసార్లు అంతకు ముందే, ఒక్కోసారి మంచు మీద అడుగు పెట్టకముందే జరిగిపోయి ఉంటుంది. గడువు దాటాక పంపిన దరఖాస్తు, ఆమోదిత జాబితాలో లేని బ్రష్, ఐదు నిమిషాల ఆలస్యం, ముందుగా వేసి చూసుకోని రాళ్ళు: వీటిలో ఏ ఒక్కటైనా చాలు. క్లబ్బులో వారానికోసారి ఆడుకునే జట్టు మహిళల పోటీ టోర్నమెంటులో పాల్గొనాలంటే ఏ పనులు ఏ వరుసలో చేసుకోవాలో ఇక్కడ వివరిస్తున్నాను. ఆట ఎలా ఆడాలో మీకు తెలుసుననే అనుకుంటున్నాను. నియమాల్లో అంకెలు చెప్పిన చోట వరల్డ్ కర్లింగ్ సంస్థ నియమావళిని ఆధారంగా తీసుకున్నాను. మీరు వెళ్ళే పోటీ దానిని యథాతథంగా పాటించవచ్చు, కొన్ని సవరణలతోనూ పాటించవచ్చు. తేడా కనిపించిన ప్రతిచోటా నిర్వాహకులు ఆ పోటీకోసం ఇచ్చిన నియమపత్రమే చెల్లుతుంది కాబట్టి, దానిని జట్టులో ఒక్కరు కాదు, అందరూ చదవాలి.

ముందుగా జట్టును కాగితం మీద స్థిరపరచండి

జట్టంటే, రాళ్ళు వేసే వరుసలో, నలుగురు: లీడ్, సెకండ్, థర్డ్, ఫోర్త్. ఒక్కొక్కరు ఎండ్‌కు రెండేసి రాళ్ళు, ప్రత్యర్థితో ఒకటి విడిచి ఒకటిగా వేస్తారు. వీరికి తోడుగా ఆల్టర్నేట్‌గా ఐదో క్రీడాకారిణిని, ఒక కోచ్‌ను నమోదు చేసుకునే వీలును పెద్ద పోటీలు కల్పిస్తాయి. దరఖాస్తులో పేర్లతో పాటు రాళ్ళు వేసే వరుసను, స్కిప్ (వ్యూహం చెప్పే నాయకురాలు) ఎవరు, వైస్ స్కిప్ (ఉపనాయకురాలు) ఎవరు అన్న సంగతిని కూడా స్పష్టంగా రాయాలి. స్కిప్ అంటే చివరి రాళ్ళు వేసే మనిషేనని చాలామంది పొరబడతారు. అలాంటి నియమం ఎక్కడా లేదు. స్విట్జర్లాండ్‌కు వరుసగా ప్రపంచ టైటిళ్ళు తెచ్చిన సిల్వానా టిరిన్‌జోని తన జట్టుకు స్కిప్‌గా ఉంటూనే మూడో స్థానంలో రాళ్ళు వేసేది. చివరి రెండు రాళ్ళు అలీనా పేట్స్ చేతిలో ఉండేవి. హౌస్‌ను (మంచు మీది లక్ష్య వలయాలను) చక్కగా చదవగలిగే మనిషి, ఒత్తిడిలో నిబ్బరంగా చివరి రాయి వేయగలిగే మనిషి వేర్వేరుగా ఉన్న జట్టుకు ఈ ఏర్పాటు ఎంతో మేలు. అయితే ఆటకు ముందు ప్రకటించిన వరుసను, స్కిప్, వైస్ స్కిప్ స్థానాలను ఆ ఆట ముగిసేదాకా మార్చరాదు. కాబట్టి ఈ చర్చ ఇంటి దగ్గరే తేల్చుకుని రావాలి.

ఐదో మనిషిని తీసుకెళ్ళడం ఖర్చుతో కూడిన పనే అయినా, ఆర్థికంగా భరించగలిగితే తప్పక తీసుకెళ్ళమనే చెబుతాను. గాయానికో జ్వరానికో ఆమె అక్కరకొస్తుందన్నది సగం కారణం మాత్రమే. మిగతా సగం రాళ్ళ పరీక్ష గురించి చెప్పేటప్పుడు మీకే అర్థమవుతుంది. ఆట మధ్యలో ఒకరు తప్పుకుని ఆల్టర్నేట్ కూడా లేకపోతే ముగ్గురితో ఆడవచ్చు. అప్పుడు మొదటి ఇద్దరు మూడేసి రాళ్ళు, మూడో మనిషి రెండు రాళ్ళు వేస్తారు. ఇద్దరితో మాత్రం ఆట సాగదు.

జట్టులో ఒకరికి మంచు బయటి పనులన్నీ అప్పగించండి. నిర్వాహకుల ఉత్తరాలు, రుసుము చెల్లింపు, బస, పత్రాలు అన్నీ ఆమె చేతి మీదుగానే నడవాలి. ఈ బాధ్యత స్కిప్‌కు మాత్రం వద్దు. ఆమె తలకు ఉండాల్సిన భారం ఎటూ ఉంటుంది.

దరఖాస్తు పంపేముందు తేల్చుకోవాల్సినవి

ఆహ్వాన పత్రంలో మొదట చూడాల్సింది అర్హత. పోటీ ఎవరికైనా తెరిచి ఉన్నదా, లేక ఫలానా ప్రాంత నివాసులకో, ఫలానా సంఘ సభ్యులకో, ఫలానా వయసు వారికో పరిమితమా? ర్యాంకింగ్ పాయింట్లను బట్టి జట్లను ఎంచుకుంటారా, ముందు వచ్చిన దరఖాస్తుకు ముందు చోటు ఇస్తారా? జాతీయ పోటీలకు అర్హత పోటీగా జరిగే టోర్నమెంటు అయితే మీ క్రీడాకారిణుల్లో ఎవరైనా అదే సీజన్‌లో మరో జట్టు తరఫున అదే దశలో ఆడి ఉన్నారేమో సరిచూసుకోవాలి. ఉన్నట్లయితే జట్టు మొత్తం అనర్హమయ్యే ప్రమాదం ఉంది. ర్యాంకింగ్ పాయింట్లు కొత్త సీజన్‌కు బదిలీ కావాలంటే పాత నలుగురిలో కనీసం ముగ్గురు కొనసాగాలన్న షరతు చాలాచోట్ల కనిపిస్తుంది. మధ్యలో మనుషులను మార్చుకోవాలనుకునే జట్లు ఈ లెక్కను ముందే వేసుకోవాలి.

బదులు ఆటగత్తెల విషయంలో ఒక్కో పోటీది ఒక్కో పద్ధతి. బదులు వచ్చిన మనిషి ఎవరి స్థానంలో వచ్చిందో దానికన్నా పై స్థానంలో రాయి వేయకూడదని కొన్ని పోటీలు నిర్దేశిస్తాయి. వేరే జట్టులో పేరున్నవారిని తీసుకోరాదని మరికొన్ని అంటాయి. ఎవరికైనా చివరి నిమిషంలో ఆటంకం రావచ్చన్న అనుమానం ఏమాత్రం ఉన్నా, బదులుగా వచ్చే మనిషి పేరును నిర్వాహకులకు ముందే రాతపూర్వకంగా తెలిపి వారి ఒప్పుదల తీసుకోండి.

రుసుము చెల్లించాక విరమించుకుంటే ఎంత తిరిగి వస్తుంది, ఏ తేదీలోపు విరమించుకోవాలి, నిరీక్షణ జాబితాలో పడితే ఎప్పటికి కబురు అందుతుంది అన్న మూడు ప్రశ్నలకు జవాబు తెలియకుండా ప్రయాణపు టికెట్లు కొనకండి.

వరల్డ్ కర్లింగ్ ఆధ్వర్యంలోగానీ జాతీయ సంఘాల ఆధ్వర్యంలోగానీ జరిగే పోటీలకు డోపింగ్ నిరోధక నిబంధనలు వర్తిస్తాయి. కర్లింగ్‌కు దాని అవసరం ఏముందని తేలిగ్గా తీసుకునేవారే ఎక్కువగా ఇబ్బంది పడతారు. జలుబుకు దుకాణంలో దొరికే కొన్ని మాత్రల్లో ఉండే సూడోఎఫెడ్రిన్ నిర్ణీత మోతాదు దాటితే పోటీ సమయంలో నిషిద్ధ పదార్థమే. జట్టులో ప్రతి ఒక్కరూ వాడే మందుల జాబితా తయారుచేసి, నిషిద్ధ పదార్థాల జాబితాతో పోల్చి చూసుకోవాలి. వైద్య కారణాలతో తప్పనిసరిగా వాడాల్సిన మందు ఉంటే మినహాయింపు కోసం వారాల ముందే దరఖాస్తు చేయాలి.

పోటీ ఏ పద్ధతిలో నడుస్తుందో లెక్క వేసుకోండి

రౌండ్ రాబిన్ అయితే ప్రతి జట్టూ మిగతా జట్లన్నిటితో ఆడుతుంది. పది జట్లుంటే ఒక్కొక్కరికి తొమ్మిది ఆటలు పడతాయి. జట్లు ఎక్కువైతే గుంపులుగా విడదీస్తారు. ట్రిపుల్ నాకౌట్ అయితే మూడు ఓటములతో ఇంటిదారి పట్టాల్సిందే, కానీ ఓడినప్పుడల్లా మరో వరుసలోకి జారి, ఏ వేళకు ఆట పడుతుందో ముందుగా తెలియని పరిస్థితి వస్తుంది. ప్రపంచ మహిళల చాంపియన్‌షిప్, ఒలింపిక్స్ వంటి వాటిలో ఆటకు పది ఎండ్‌లు. చాలా ఆహ్వాన పోటీల్లో ఎనిమిదే. పది ఎండ్‌ల ఆట రెండున్నర గంటలకు పైగానే సాగుతుంది. రోజుకు రెండు, ఒక్కోసారి మూడు ఆటలు పడే టోర్నమెంటులో తిండికీ నిద్రకూ మిగిలే సమయం ఎంతో కాగితం మీద రాసి చూసుకుంటే, బస హాలుకు దగ్గరలో ఎందుకు ఉండాలో వేరే చెప్పనక్కర్లేదు.

తిరుగు ప్రయాణం ఫైనల్ జరిగే రోజు రాత్రికో మరుసటి ఉదయానికో పెట్టుకోండి. ముందే ఓడిపోతామన్న అంచనాతో టికెట్లు కొనుక్కున్న జట్టు సెమీఫైనల్‌కు చేరి కంగారు పడటం కన్నా, ఒకరోజు ఖాళీగా కూర్చుని ఇతరుల ఆట చూడటం మేలు.

సమాన విజయాలతో నిలిచిన జట్లను ఎలా విడదీస్తారన్నది నియమపత్రంలో అందరూ దాటవేసే పేరా. సాధారణంగా ఆ జట్ల మధ్య జరిగిన ఆటల ఫలితాన్ని మొదట చూస్తారు. అది కూడా తేల్చకపోతే డ్రా షాట్ చాలెంజ్ లెక్కలోకి వస్తుంది. ప్రతి ఆటకు ముందు మీరు వేసే రెండు రాళ్ళు టీకి (హౌస్ నడిమి బిందువుకు) ఎంత దూరంలో ఆగాయో నమోదు చేసి, అన్నిటికన్నా దూరంగా పోయిన కొలతను మినహాయించి తీసిన సగటు ఇది. అంటే, తొలిరోజు ఉదయం నిద్రమత్తులో వేసిన రాయి వారం చివర మీ జట్టును ఇంటికి పంపగలదు.

సామాను సర్దుకోవడం

కొత్తవారికి ఒక మాట: రాళ్ళు మీరు తీసుకెళ్ళరు. నియమావళి ప్రకారం పిడితో, బోల్టుతో కలిపి ఒక్కో రాయి 17.24 కిలోల నుంచి 19.96 కిలోల వరకు ఉంటుంది. ఆ గ్రానైటును పెట్టెలో పెట్టుకుని ఎవరూ ప్రయాణించరు, ప్రయాణించినా వాటితో ఆడనివ్వరు. రాళ్ళు ఏర్పాటు చేసేది నిర్వాహకులే.

మీతో రావాల్సింది బూట్లు, స్లైడర్ (బూటుకు జారే అడుగు), గ్రిప్పర్ (జారనివ్వని అడుగు), బ్రష్, స్టాప్‌వాచ్, దుస్తులు. వీటిలో ఎక్కువ పేచీ తెచ్చేది బ్రష్. 2015-16 సీజన్‌లో కొన్ని రకాల బ్రష్ తలలు రాయి దారిని మితిమీరి మార్చేస్తున్నాయన్న వివాదం చెలరేగాక, 2016లో పోటీ బ్రష్‌లకు ప్రమాణాలు వచ్చాయి. ఆమోదం పొందిన బట్టతో చేసిన తలలకే అనుమతి అన్న పద్ధతి స్థిరపడింది. ఆమోదిత పరికరాల జాబితా సీజన్ మారినప్పుడల్లా మారవచ్చు. పోయిన ఏడాది చెల్లిన బ్రష్ ఈ ఏడాది కూడా చెల్లుతుందని నమ్మి వెళ్ళవద్దు. జాబితాను ప్రయాణానికి ముందు మరోసారి చూసుకుని, ప్రతి ఒక్కరూ కొత్త తలలు రెండు మూడు అదనంగా పెట్టుకోండి. ఆట మధ్యలో తల మార్చుకోవడానికీ, ఒకరి బ్రష్ మరొకరు వాడటానికీ పెద్ద పోటీలు ఒప్పుకోవు. విమానంలో వెళ్ళేవారు బ్రష్ పొడవును దృష్టిలో పెట్టుకుని సామాను నిబంధనలు ముందే చూసుకోవాలి. బూట్లను మాత్రం చేతిసంచిలోనే ఉంచుకోండి. బ్రష్‌ను ఎవరి దగ్గరైనా అరువు తెచ్చుకోవచ్చు, పాదానికి అలవాటుపడిన స్లైడర్ బూటును తెచ్చుకోలేరు.

దుస్తులు జట్టంతటికీ ఒకేలా ఉండాలి. ముదురు రంగు పిడి రాళ్ళతో ఆడే జట్టు ముదురు రంగు చొక్కాలు, లేత రంగు పిడి రాళ్ళతో ఆడే జట్టు లేత రంగు చొక్కాలు వేసుకోవాలన్నది పద్ధతి కనుక రెండు జతలూ కావాలి. వీపు మీద ఇంటిపేరు కనీసం 5.08 సెంటీమీటర్ల ఎత్తు అక్షరాలతో ఉండాలి. ఈ చొక్కాలు కుట్టించడానికి పట్టే సమయాన్ని జట్లు ఎప్పుడూ తక్కువగానే అంచనా వేస్తాయి. పేరులోని అక్షరాలను అచ్చుకు పంపే ముందు ఎవరి పేరు వారే సరిచూసుకోండి.

చేతి తొడుగుల గురించి ఒక సంగతి. హాగ్ లైన్ (రాయిని వదిలేయాల్సిన అడ్డగీత) సెన్సర్ ఉన్న పిడులను వాడే పోటీల్లో రాయి వేసే చేతికి తొడుగు ఉండకూడదు. చేయి పిడిని వదిలిందా లేదా అన్నది ఆ పరికరం చర్మపు స్పర్శను బట్టే గుర్తిస్తుంది. తొడుగుతో వేయడం అలవాటైన వారు వారాల ముందు నుంచే ఒట్టి చేత్తో వేయడం సాధన చేయాలి.

చేరుకున్నాక: సమావేశం, అభ్యాసం, రాళ్ళ పరీక్ష

పోటీ ముందురోజు జట్ల సమావేశం ఉంటుంది. దీనికి ఎవరినో ఒకరిని పంపి ఊరుకోవద్దు. స్కిప్, కోచ్ ఇద్దరూ వెళ్ళాలి. స్థానికంగా చేసిన నియమ సవరణలు, గడియారాల పద్ధతి, అభ్యాస సమయాలు, ఏ షీటులో (ఆట జరిగే మంచు పట్టీలో) ఏమైనా లోపం ఉంటే ఆ వివరం అక్కడే చెబుతారు. సందేహాలు అడగాల్సింది కూడా అక్కడే. ఆట మధ్యలో అంపైరుతో వాదించి సాధించేది ఏమీ ఉండదు.

ఇక రాళ్ళు. ఒక షీటులో పదహారు రాళ్ళు, రంగుకు ఎనిమిది చొప్పున, పిడి మీద అంకెలతో ఉంటాయి. చూడటానికి అన్నీ కవలల్లా ఉంటాయి, నడకలో మాత్రం దేనికదే. రాయి అడుగుభాగం మొత్తం మంచును తాకదు. పుటాకారంగా ఉండే ఆ అడుగున సన్నని వలయం మాత్రమే మంచు మీద జారుతుంది. ఆ వలయం అరుగుదలలోని కాస్త తేడా వల్లనే ఒక రాయి అదే వేగానికి నాలుగడుగులు ముందుకు పోతుంది, మరొకటి అడుగున్నర అదనంగా వంపు తిరుగుతుంది. సరిపోలే రాళ్ళను జతలుగా గుర్తించి, ఎవరికి ఏ జత అన్నది నిర్ణయించుకోవడం అనుభవమున్న జట్లకూ కొత్త జట్లకూ మధ్య కనిపించే అతిపెద్ద తేడా అని నా అభిప్రాయం.

పరీక్షించే విధానం ఇలా ఉంటుంది. రాళ్ళన్నీ ఒకే మనిషి వేయాలి. స్కిప్ హౌస్‌లో బ్రష్‌ను ఒకేచోట పట్టి నిలబడాలి. తిప్పే దిశ మారకూడదు, స్వీపింగ్ (రాయి ముందు మంచును బ్రష్‌తో రుద్దడం) చేయకూడదు. మరొకరు స్టాప్‌వాచ్‌తో రెండు హాగ్ లైన్ల మధ్య సమయం కొలవాలి. ఆ దూరం సుమారు 22 మీటర్లు, పోటీకి తగిన మంచి మంచు మీద డ్రా (హౌస్‌లో ఆగేలా వేసే రాయి) వేగానికి 14 సెకన్లకు అటూఇటూగా పడుతుంది. ఇంకొకరు కాగితం మీద రాయి అంకె, సమయం, ఎక్కడ ఆగింది, ఎంత వంగింది అన్నవి రాయాలి. ఉదాహరణకు, ఎరుపు 3, ఎరుపు 6 రెండూ 14.1 సెకన్లకు బటన్ (హౌస్‌లో నడిమి చిన్న వలయం) వెనుక అంచున, ఒకటికొకటి జానెడు దూరంలో ఆగాయనుకుందాం, అవి జత. ఎరుపు 5 అదే 14.1 సెకన్లకు హౌస్ ముందంచులోనే నిలిచిపోయిందంటే అది బరువుగా నడిచే రాయి. దానిని విడిగా గుర్తు పెట్టాలి. తర్వాత ఇదే పరీక్షను రెండో దిశలో తిప్పుతూ చేయాలి. ఒక్క రాయి ఒక్కసారి తేడాగా నడిస్తే వెంటనే నమ్మవద్దు, వేసిన చేతిదే తప్పు కావచ్చు. మళ్ళీ వేసి చూడండి.

బాగా సరిపోలిన జతను చివరి రాళ్ళు వేసే మనిషికి ఇస్తారు. తక్కువ వంగే జత ఎక్కువగా టేకౌట్లు (ప్రత్యర్థి రాయిని కొట్టి తొలగించే రాళ్ళు) వేసే సెకండ్‌కు నప్పుతుంది. సరిపోలని రాళ్ళు మిగిలితే అవి లీడ్‌కు పోతాయి. పాపం లీడ్‌లకు ఇది అన్యాయంగా తోచినా, అంకె చూసి ఏ రాయికి ఎంత బలం అని గుర్తుంచుకుంటే మొదటి రాళ్ళలో సర్దుకోవచ్చు. ప్రపంచ పోటీల్లో సాయంత్రపు ఆటలు ముగిశాక జట్లకు రాత్రి అభ్యాసం ఇస్తారు. మర్నాడు ఆడబోయే షీటులో రాళ్ళను కోచ్, ఆల్టర్నేట్ కలిసి వేసి చూస్తారు. ఆడి అలసిన నలుగురూ అప్పటికి నిద్రకు వెళ్ళి ఉంటారు. ఐదో మనిషి విలువ ఇక్కడ తెలుస్తుంది. రాత్రి అభ్యాసం లేని చిన్న పోటీల్లో ఆటకు ముందు దొరికే కొద్ది నిమిషాలే దిక్కు కాబట్టి, ఎవరు ఏ రాళ్ళు వేయాలో ముందే పంచుకుని ఒక్క రాయి కూడా వృథా చేయకండి.

ఆట రోజు

ఆటకు ముందటి అభ్యాసం మొదలయ్యేలోపే జట్టు వరుస పత్రం అంపైరుకు చేరాలి. గత ఆటకూ దీనికీ మార్పు ఉంటే దానిని పత్రంలో చూపాలి. అభ్యాసం ఒక జట్టు తర్వాత మరొకటి చేస్తుంది. ఎవరు ముందో షెడ్యూలులోనే ఉంటుంది.

అభ్యాసం ముగియగానే లాస్ట్ స్టోన్ డ్రా ఉంటుంది. ప్రతి జట్టు నుంచి ఇద్దరు వేర్వేరు క్రీడాకారిణులు చెరొక రాయి టీ వైపు వేస్తారు. మొదటిది గడియారం ముల్లు తిరిగే దిశలో, రెండోది దానికి ఎదురు దిశలో తిరగాలి. రెండు దూరాల మొత్తం ఎవరిది తక్కువైతే వారికి మొదటి ఎండ్‌లో ఆఖరి రాయి ఎవరు వేయాలో నిర్ణయించే హక్కు వస్తుంది. ఆ ఆఖరి రాయినే హ్యామర్ అంటారు. దానిని కాదనుకునే జట్టు ఉండదు. హౌస్‌లో ఆగని రాయికి 199.6 సెంటీమీటర్లు రాస్తారు. మీ రాళ్ళు 40 సెంటీమీటర్ల చొప్పున ఆగి మొత్తం 80 అయిందనుకోండి. ప్రత్యర్థి మొదటి రాయి సరిగ్గా టీ మీద ఆగినా రెండోది హౌస్ దాటిపోతే వారి మొత్తం 199.6, హ్యామర్ మీదే. ఒక అద్భుతమైన రాయి కన్నా రెండు మామూలు రాళ్ళు మేలని ఈ లెక్క చెబుతుంది. ఎప్పుడూ మీ ఇద్దరు మేటి క్రీడాకారిణులతోనే వేయించే వీలు కూడా పెద్ద పోటీల్లో ఉండదు. రౌండ్ రాబిన్ మొత్తంలో ప్రతి ఒక్కరూ కనీసం ఇన్ని వేయాలన్న నిబంధన ఉంటుంది కనుక, ఎవరు ఏ ఆటకు, ఏ దిశలో వేస్తారన్న పట్టికను కోచ్ ముందే రాసి పెట్టుకోవాలి.

ఆలస్యానికి శిక్ష కఠినం. మీవల్ల ఆట ఒక నిమిషం నుంచి 14 నిమిషాల 59 సెకన్ల వరకు ఆలస్యమైతే ప్రత్యర్థికి ఒక పాయింటు, ఆడే మొదటి ఎండ్‌లో హ్యామర్‌ను ఎంచుకునే హక్కు దక్కుతాయి. ఒక ఎండ్ ముగిసినట్లే లెక్కిస్తారు. 15 నిమిషాలు దాటితే మరో పాయింటు, మరో ఎండ్ పోతాయి. 30 నిమిషాలకు ఆటే పోతుంది.

గడియారంతో ఆడటం

క్లబ్బు ఆటకూ పోటీ ఆటకూ అసలైన తేడా గడియారంలో ఉంది. పది ఎండ్‌ల ఆటకు జట్టుకు 38 నిమిషాల ఆలోచనా సమయం, ఎనిమిది ఎండ్‌లకైతే 30 నిమిషాలు ఇస్తారు. రాయికి సుమారు 28 సెకన్లన్నమాట. మీ వంతు రాగానే మీ గడియారం మొదలై, మీరు వేసిన రాయి, మీరు వేసే చివరనున్న టీ లైనును (టీ మీదుగా వెళ్ళే అడ్డగీతను) చేరగానే ఆగుతుంది. రాయి జారిపోయే సమయం మీ ఖాతాలో పడదు. సమయం అయిపోయిన జట్టు ఆటను కోల్పోతుంది, స్కోరు ఎంత ముందున్నా సరే.

దీనికి మందు తొలి ఎండ్‌లలోనే ఉంది. లీడ్ తన రాళ్ళు వేసేటప్పుడు చర్చకు పెద్దగా తావుండదు. ప్రత్యర్థి రాయి ఆగేసరికి ఆమె హ్యాక్ (రాయి వేసేటప్పుడు కాలు ఆనించే ఆధారం) దగ్గర రాయి తుడిచి సిద్ధంగా ఉంటే ఎండ్‌కు అర నిమిషం పైగా మిగులుతుంది. అలా మిగిల్చిన నిమిషాలే తొమ్మిదో, పదో ఎండ్‌లో హౌస్ నిండా రాళ్ళున్నప్పుడు పనికొస్తాయి. ఐదో ఎండ్ ముగిసేసరికి 18, 19 నిమిషాలు మిగలకపోతే స్కిప్‌కు గుర్తుచేసే బాధ్యత వైస్ స్కిప్‌ది. ఆటకు 60 సెకన్ల టైమౌట్ ఒకటి, అదనపు ఎండ్ పడితే అందులో ఒకటి దొరుకుతాయి. మంచు మీదున్న వారిలో ఎవరైనా రెండు చేతులతో ఇంగ్లీషు టీ అక్షరం ఆకారం చూపి అడగవచ్చు. కోచ్ జట్టుతో మాట్లాడగలిగేది టైమౌట్‌లోను, నిర్ణీత విరామాల్లోను మాత్రమే. గట్టు మీద నుంచి సైగలు చేయడం కూడా తప్పే.

మరోసారి చదువుకుని వెళ్ళాల్సిన నియమాలు

హాగ్ లైనుకూ టీ లైనుకూ మధ్య హౌస్ వెలుపల ఆగిన రాళ్ళు ఫ్రీ గార్డ్ జోన్‌లో ఉన్నట్లు. ఎండ్‌లో ఆరో రాయి వేసే వరకు అక్కడున్న ప్రత్యర్థి రాయిని ఆట నుంచి తొలగించకూడదు. తొలగిస్తే మీరు వేసిన రాయిని తీసేసి, కదిలిన రాళ్ళను మళ్ళీ యథాస్థానంలో పెడతారు. పాత క్లబ్బు అలవాటుతో నాలుగు రాళ్ళ లెక్కలో ఆడేవారు ఐదో రాయితో టేకౌట్ వేసి నాలుక కరుచుకోవడం కద్దు. మధ్యగీతను తాకుతూ ఉన్న గార్డును (హౌస్ ముందు అడ్డుగా ఆగిన రాయిని) ఆట నుంచి తొలగించకపోయినా పక్కకు నెట్టడాన్ని కూడా ఈ దశలో నిషేధించే నియమం ఇప్పుడు పెద్ద పోటీల్లో అమల్లో ఉంది. మీ టోర్నమెంటులో అది ఉందో లేదో సమావేశంలో అడగండి, ముందంజలో ఉన్నప్పుడు మీ ఆట తీరంతా దాన్నిబట్టే మారుతుంది.

స్వీపింగ్ సంగతి క్లుప్తంగా: టీ లైను దాటాక జట్టుకు ఒక్కరే స్వీప్ చేయాలి, ప్రత్యర్థి రాయిని అక్కడికి వచ్చాకే స్వీప్ చేసే హక్కు మీకుంటుంది.

కదులుతున్న రాయికి మీ బ్రష్‌గానీ కాలుగానీ తగిలితే అది ఎక్కడ తగిలిందన్నది ముఖ్యం. అవతలి హాగ్ లైను చేరకముందే తగిలితే మీరే వెంటనే రాయిని తీసేయాలి. హాగ్ లైను దాటాక తగిలితే రాళ్ళన్నీ ఆగనివ్వాలి. ఆ తర్వాత తీసేయాలా, ఉన్నచోటే ఉంచాలా, తాకకపోతే ఏమయ్యేదో ఊహించి సర్దాలా అన్నది ప్రత్యర్థి నిర్ణయం. 2018 ప్యాంగ్‌చాంగ్ ఒలింపిక్స్‌లో డెన్మార్క్ స్వీపరు తాకిన రాయిని కెనడా స్కిప్ రేచల్ హోమన్ తొలగించినప్పుడు ఆమె మీద విమర్శలు వచ్చాయి. నియమం ప్రకారం ఆమె చేసినదాంట్లో తప్పేమీ లేదు, ఆటను డెన్మార్క్ అదనపు ఎండ్‌లో 9-8తో గెలుచుకుంది. మీ జట్టు ఇలాంటి సందర్భంలో ఏం చేయాలో చల్లని బుర్రతో ముందే మాట్లాడుకోండి. తాకిన జట్టు తనంత తానే బయటపెట్టాలన్నది మాత్రం ఈ ఆటలో చర్చకు అతీతమైన మర్యాద.

ఎండ్ ముగిశాక స్కోరు తేల్చేది హౌస్‌లో ఉన్న ఇద్దరు వైస్ స్కిప్‌లు. వారు ఒప్పుకునేదాకా ఎవరూ రాళ్ళను కదపరాదు. తొందరపడి కదిపితే సందేహం ఉన్న రాయి విషయంలో లాభం ప్రత్యర్థికే చెందుతుంది. కంటికి తేలకపోతే అంపైరును పిలిచి కొలిపించుకోవాలి. మీరే కొలిచే ప్రయత్నం చేయవద్దు.

ఆట గెలిచే ఆశ లేనప్పుడు ఓటమిని ఒప్పుకుని కరచాలనం చేయవచ్చు. అయితే పది ఎండ్‌ల ఆటలో కనీసం ఆరు పూర్తికావాలన్న నియమం రౌండ్ రాబిన్‌లో ఉంటుంది. వెళ్ళేముందు స్కోరు పత్రంలో ఎండ్‌వారీ అంకెలు, లాస్ట్ స్టోన్ డ్రా కొలతలు సరిగ్గా పడ్డాయో లేదో చూసి సంతకం చేయండి. రాళ్ళ కాగితాన్ని అక్కడే పారేయకండి. అదే హాలులో అదే రాళ్ళతో వచ్చే ఏడాది మళ్ళీ ఆడాల్సి రావచ్చు. ఎరుపు 5 అప్పటికీ బరువుగానే నడుస్తుంటుంది.